మన హైస్కూలు వృత్తి విద్య నిధి: 2025-26 జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన పూర్వ విద్యార్థులకు, ఊరి పెద్దలకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

మన జిల్లా పరిషత్ హైస్కూలులో తొమ్మిది, పది తరగతుల పిల్లలు నేర్చుకుంటున్న కుట్టుపని, ఎలక్ట్రానిక్స్ కోర్సుల కోసం 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 దాకా వసూలైన సొమ్ముకు, పెట్టిన ఖర్చుకు లెక్క ఇది. ఆడిటర్ సంతకం చేసిన ప్రతి హెచ్‌ఎం గారి గది బయట నోటీసు బోర్డు మీద ఉంది. అంకెలు చాలనుకునేవాళ్ళు అది చూసుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా "ఫలానాది ఎందుకు కొన్నారు, ఫలానా వాళ్ళ డబ్బు ఎందుకు తీసుకోలేదు" అన్నవే కాబట్టి ఆ సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాం.

ముందు జమ.

పాత కమిటీ అప్పగించిన నిల్వ: రూ. 12,480
1998-99 పదో తరగతి బ్యాచ్: రూ. 1,00,000
2004-05 బ్యాచ్: రూ. 75,000
మిగతా పూర్వ విద్యార్థులు, విడివిడిగా: రూ. 1,11,500
ఊరివాళ్ళు, దుకాణదారులు: రూ. 94,200
ఉపాధ్యాయులు, రిటైరైనవాళ్ళు: రూ. 41,000
వార్షికోత్సవం నాటి హుండీ: రూ. 8,740
పిల్లలు కుట్టిన సంచుల అమ్మకం: రూ. 17,360
బ్యాంకు వడ్డీ: రూ. 2,315
మొత్తం: రూ. 4,62,595

ఇందులో గ్రానైటు వ్యాపారి ఒకాయన కటింగ్ టేబుళ్ళ మీదికి ఇచ్చిన రాతి పలకలు, టైలర్లు గోనె సంచుల్లో తెచ్చి పోసిన గుడ్డ ముక్కలు లేవు. అవి వస్తురూపంగా వచ్చాయి కాబట్టి స్టాకు రిజిస్టరులో ఎక్కించాం, వెల కట్టలేదు.

ప్రభుత్వం ఇస్తోంది కదా, మళ్ళీ చందాలెందుకు అని చాలామంది అడిగారు. నిజమే, కోర్సులు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కిందివే. ఆ పథకంలో మన రాష్ట్రానికి కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. శిక్షకులు, మొదటి విడత పనిముట్లు అందులోంచే వచ్చాయి. కానీ వచ్చిన మిషన్లు ఒక బ్యాచ్‌లో సగం మందికే సరిపోయేవి. పైగా గదిలో ఉన్నది రెండు ప్లగ్ పాయింట్లు. సోల్డరింగ్ ఐరన్లు నాలుగు ఒకేసారి పెడితే ఫ్యూజు పోయేది. ఇక బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు విద్యార్థుల సంఖ్యను బట్టి ఉంటుంది. మనలా 100 దాటి 250 లోపు పిల్లలున్న బడికి రూ. 50,000. అందులో పదో వంతు పారిశుద్ధ్యానికి పోవాలి. మిగిలిన దాంట్లోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, ఇంటర్నెట్టు, చిన్నాచితకా రిపేర్లు. దాంట్లోంచి దారపు ఉండలు కొనమని హెచ్‌ఎం గారిని అడగడానికి మాకే నోరు రాలేదు.

ఖర్చుల్లో పెద్దది వర్క్‌షాపు గది, సామాను. వైరింగ్, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు) బోర్డు, ఎర్తింగ్, ఫ్యాన్లు కలిపి రూ. 68,450. మూడు కొటేషన్లు వచ్చాయి. అన్నిటికంటే తక్కువ చెప్పినవాళ్ళకు ఇవ్వలేదన్న విమర్శ ఉంది. ఆ కొటేషన్‌లో ఎర్తింగ్ లేదు. పిల్లలు చేతులు పెట్టే బోర్డులకు ఎర్తింగ్ లేకుండా పని చేయించడానికి కమిటీలో ఒక్కరూ ఒప్పుకోలేదు. తీర్మానం పుస్తకంలో ఉంది, చూడొచ్చు.

కుట్టుమిషన్లకు రూ. 1,26,000. తొక్కుడు మిషన్లు ఎనిమిది, ఒక్కోటి రూ. 7,350. పవర్ మిషన్లు రెండు, ఒక్కోటి రూ. 26,250. గుడ్డ అంచులు పోగులు రాకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి, రూ. 14,700. ఆగస్టులో డబ్బు చేతిలో ఉండగా అక్టోబరు దాకా ఎందుకు ఆగారని 1998-99 బ్యాచ్‌వాళ్ళు కాస్త గట్టిగానే అడిగారు. కొటేషన్లు ఆగస్టులోనే తీసుకున్నాం. సెప్టెంబరు మొదటి వారంలో జీఎస్టీ కౌన్సిల్ కుట్టుమిషన్ల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. 22వ తేదీ నుంచి అమలు. దుకాణం ఆయన "ఇప్పుడే తీసుకోండి, మళ్ళీ స్టాకు ఉండదు" అని తొందరపెట్టాడు. బతుకమ్మ, దసరా సెలవుల్లో మిషన్లు తెచ్చి తాళం వేసి పెట్టుకుని ఏం చేస్తామని ఆగాం. పన్ను కాకుండా మిషన్ల అసలు ధర రూ. 1,20,000. పాత పన్నయితే రూ. 14,400 కట్టాలి, కట్టింది రూ. 6,000. మిగిలిన రూ. 8,400తో చలికాలమంతా గుడ్డ, దారం గడిచాయి.

మల్టీమీటర్లు, సోల్డరింగ్ ఐరన్లు, టెస్టర్లు, వైరింగ్ నేర్పే చెక్క బోర్డులు రూ. 37,600. కటింగ్ టేబుళ్ళు, స్టూళ్ళు చేసిన వడ్రంగి మన ఊరివాడే. రూ. 29,400 తీసుకున్నాడు. కూలి తగ్గించుకున్నాడు గానీ ఎంత తగ్గించాడో రాయొద్దన్నాడు. గది, సామాను అన్నీ కలిపి రూ. 2,61,450.

ఇక రోజువారీ ఖర్చు. దీని మీద కొంచెం ఎక్కువ రాయాలి.

కుట్టు నేర్చుకునే పిల్లను మొదటిరోజే గుడ్డ మీద కూర్చోబెట్టరు. దారం ఎక్కించకుండా రూళ్ళ కాగితం మీద గీత వెంట సూది నడపమంటారు. గీత తప్పితే కాగితం మీద రంధ్రాలే సాక్ష్యం. కాలు, చెయ్యి కుదిరాక కోరా గుడ్డ ఇస్తారు. అప్పుడు మొదలవుతుంది సూదుల ఖర్చు. గుడ్డను వెనకనుంచి లాగితే సూది వంగి పళ్ళెం మీద తగిలి విరుగుతుంది. కొత్తవాళ్ళందరూ లాగుతారు. అక్టోబరు, నవంబరు వోచర్లలో 14 నంబరు, 16 నంబరు సూది ప్యాకెట్లు వరసగా కనిపిస్తాయి. జనవరి నుంచి తగ్గిపోయాయి. పిల్లలకు పని వచ్చిందో లేదో మార్కుల జాబితా కంటే ఆ వోచర్లే బాగా చెబుతాయని మా కోశాధికారి అంటారు. ఎలక్ట్రానిక్స్ వైపు సోల్డర్ తీగ, ఫ్లక్సు, అరిగిపోయే ఐరన్ మొనలు, కాల్చేసిన ఎల్‌ఈడీలు. ఈ ముడిసరుకంతా రూ. 46,870. రిపేర్లు రూ. 7,950. ఇందులో ఎక్కువ భాగం ఒక పవర్ మిషను మోటారుది. వారంటీ ఉందన్న దుకాణం నెలన్నర తిప్పించుకుంది. పిల్లల తరగతి ఆగకూడదని బయట చేయించాం. ఆ సొమ్ము కోసం ఇంకా తిరుగుతున్నాం. కరెంటు బిల్లులో వర్క్‌షాపు వాటా రూ. 9,360.

శిక్షకుల ప్రయాణ ఖర్చు కింద రూ. 18,000 పడింది. దీని మీద సమావేశంలో పెద్ద గొడవే అయ్యింది. ఇద్దరు శిక్షకులకూ జీతం ఏజెన్సీ ద్వారా వస్తుంది. కొన్ని నెలలు సకాలంలో రాలేదు. ఇద్దరూ రోజూ బస్సెక్కి వచ్చేవాళ్ళే. అక్టోబరు నుంచి మార్చి దాకా ఒక్కొక్కరికి నెలకు రూ. 1,500 బస్సు ఖర్చు ఇచ్చాం. ప్రభుత్వం జీతమిచ్చే మనిషికి ఊరి చందా ఎందుకన్నవాళ్ళ మాటలో తప్పులేదు. కానీ నేర్పే మనిషి మానేస్తే లక్షా పాతిక వేల మిషన్లు గుడ్డ కప్పుకుని కూర్చుంటాయి. ఓటు పెడితే ఆరుగురు ఇద్దామన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఇచ్చాం.

ముడిసరుకు, రిపేర్లు, కరెంటు, బస్సు ఖర్చు కలిపితే రూ. 82,180. ఇది దాదాపుగా ఆరు నెలల ఖర్చేనని గమనించాలి.

పిల్లలను తీసుకెళ్ళిన సిరిసిల్ల యాత్రకు బస్సు రూ. 14,500, భోజనాలు రూ. 6,200. మరమగ్గాలు చూశాక రెడీమేడ్ బట్టలు కుట్టే పెద్దూరు అపారెల్ పార్కుకు తీసుకెళ్ళాం. అక్కడ ఒక చొక్కాను ఒకే మనిషి కుట్టడని, కాలరు ఒకరు, చెయ్యి ఒకరు, గుండీ కాజా ఒకరు కుడతారని పిల్లలు మొదటిసారి చూశారు. సొసైటీ రిజిస్ట్రేషన్, పన్ను కాగితాలు, ఆడిటర్ ఫీజు రూ. 16,500. రసీదు పుస్తకాలు, ప్రింటింగ్, బ్యాంకు చార్జీలు రూ. 4,218.

మొత్తం ఖర్చు రూ. 3,85,048. నిల్వ రూ. 77,547. అందులో బ్యాంకులో రూ. 76,012, చేతిలో రూ. 1,535.

నిల్వ చూసి మురిసిపోవద్దు. 2004-05 బ్యాచ్ ఇచ్చిన దాంట్లో రూ. 50,000 త్రీడీ ప్రింటరు కొనడానికే వాడాలని రాసిచ్చారు. బడిలో దాన్ని నడిపేవాళ్ళు ఇప్పటికి ఎవరూ లేరు, దాని ప్లాస్టిక్ తీగ చుట్టలకు విడిగా డబ్బు లేదు. ఆ సొమ్ము కదిలించలేదు, కదిలించం. వాళ్ళతో మాట్లాడుతున్నాం. అది తీసేస్తే వాడుకోగలిగింది రూ. 27,547.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈసారి రసీదు పుస్తకంలో "దేని నిమిత్తం" అన్న గడి పెట్టించాం. చందాల రూపంలో వచ్చిన రూ. 4,21,700లో "నిర్వహణకు" అని రాయించుకున్నది రూ. 38,200 మాత్రమే. మిగతావాళ్ళలో ఎక్కువమంది మిషనుకో, టేబులుకో, గదికో ఇచ్చారు. ఏనుగునిచ్చినవాడు అంకుశమివ్వడా అంటారు గానీ చందాల విషయంలో ఆ సామెత పనిచేయడం లేదు. మిషను మీద పేరు రాయొచ్చు, దారపు ఉండ మీద రాయలేం. అంతే తేడా.

మన ఊరి దాతలనే అనడానికి లేదు, బయట తలుపులన్నీ ఇలాగే ఉన్నాయి. ఎంపీ నిధులు ఏడాదికి రూ. 5 కోట్లు ఉన్నా అవి నిలిచి ఉండే ఆస్తులకే, ఏటా అయ్యే ఖర్చులకు కావు. బడుల్లో పిల్లలు పరికరాలతో ప్రయోగాలు చేసుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్ (కేంద్ర పథకం) గురించి అడిగినవాళ్ళకు: ఆ పథకంలో రూ. 20 లక్షలు ఇస్తారు, దానికి 1,500 చదరపు అడుగుల జాగా ఉండాలన్నారు, మన గది అందులో సగం కూడా లేదు. అయితే అందులో ఒక్క సంగతి మాకు నచ్చింది. ల్యాబ్ పెట్టడానికి పది లక్షలు, అయిదేళ్ళ దాకా నడపడానికి పది లక్షలు. నడపడానికీ పెట్టుబడంత కావాలని లెక్క వేసినవాళ్ళు ఒకరైనా ఉన్నారు.

కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల కోసమూ తిరిగాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఆ పరిధిలోకి వచ్చే కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు ఏ పనులకు వాడొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో వృత్తి నైపుణ్యాల మాట స్పష్టంగానే ఉంది. కానీ తీసుకునే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) ఉండాలి, సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. అవి లేకుండా వెళ్తే కాఫీ ఇచ్చి పంపారు. మన నిధి సొసైటీగా జూలైలో రిజిస్టరైంది, తాత్కాలిక 12ఏ, 80జీ జనవరిలో వచ్చాయి. ఆ తర్వాత ఇచ్చిన చందాలకే పన్ను మినహాయింపు సర్టిఫికెట్టు వస్తుంది, అదీ మే 31లోగా మేము దాతల వివరాల ఫారం 10బీడీ దాఖలు చేశాక. రూ. 2,000 మించి నగదుగా ఇస్తే మినహాయింపు ఉండదు. బ్యాంకు ద్వారానో, యూపీఐలోనో పంపండి.

అమెరికాలో ఉన్న ఒక పూర్వ విద్యార్థి రూ. 1,50,000 ఇస్తానంటే వద్దన్నారట కదా అన్న మాట ఊరంతా తిరిగింది. వద్దన్నాం. ఆయన ఇప్పుడు అమెరికా పౌరుడు. విదేశీ పౌరుడి సొమ్ము చట్టం దృష్టిలో విదేశీ విరాళం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకు మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో అసలు పనుల మీద రూ. 15 లక్షల ఖర్చు చూపాలి. వచ్చాక కూడా డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. ఇక్కడున్న బావమరిది ఖాతాలో వేసి ఇప్పిస్తానని ఆయన మంచి మనసుతోనే అన్నాడు. ఆ దారి కమిటీ ఒప్పుకోలేదు. విదేశాల్లో ఉద్యోగం చేస్తూ భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఈ చిక్కు లేదు. అలా ఇద్దరు పంపినవి రూ. 60,000, పై జమలోనే ఉన్నాయి. పాస్‌పోర్టు నకలు అడిగినందుకు వాళ్ళు నొచ్చుకోలేదు.

సంచుల లెక్క కూడా అడిగారు. కోరా గుడ్డ సంచి రూ. 40 చొప్పున 434 అమ్మాం. ఆ డబ్బంతా తిరిగి ముడిసరుకుకే పోయింది. ఒక పెళ్ళివారు రెండు వేల సంచులు పది రోజుల్లో కావాలని అడ్వాన్సు పట్టుకొచ్చారు. తీసుకోలేదు. పదో తరగతి పిల్లలు పరీక్షల ముందు ఆర్డర్లు తీర్చే పనిలో కూర్చుంటే అది బడి కాదు.

కొత్త సంవత్సరానికి జూన్ నుంచి పది నెలలు నడపడానికి రూ. 1,30,000 అవుతుందని అంచనా. చేతిలో ఉన్న రూ. 27,547 హఠాత్తుగా వచ్చే రిపేర్లకు అట్టే పెడదామని తీర్మానించాం. అందుకని ఈసారి ఒక్కో నెల ఖర్చు ఒక్కో బ్యాచ్‌ను మోయమని అడుగుతున్నాం, నెలకు రూ. 13,000. ఆ నెల వోచర్ల నకళ్ళు ఆ బ్యాచ్ గ్రూపుకే నేరుగా పంపుతాం. జూన్ 1991-92 బ్యాచ్, జూలై 2010-11 బ్యాచ్ తీసుకున్నాయి. ఆగస్టు నుంచి మార్చి దాకా ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాయి. మూడు బ్యాచ్‌లు కలిసి ఒక నెల పంచుకున్నా అభ్యంతరం లేదు.

వోచర్లు, తీర్మానాల పుస్తకం, స్టాకు రిజిస్టరు ఏ పనిదినమైనా సాయంత్రం నాలుగు దాటాక హెచ్‌ఎం గారి గదిలో చూడొచ్చు. తేడా కనిపిస్తే వోచరు నంబరు వేసి కాగితం మీద రాసివ్వండి, తర్వాతి సమావేశంలో జవాబు చదువుతాం.

ఇట్లు,
కార్యదర్శి, కోశాధికారి
వృత్తి విద్య నిధి కమిటీ