నీ మూడు సెంట్ల నేల

అమ్మలూ,

కూరగాయలు పండించుకోవడానికి కౌన్సిల్ అద్దెకిచ్చే నేల, అదే అలాట్‌మెంట్, చేతికొచ్చిందని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసంతా లీడ్స్‌లోనే ఉంది. ఇక్కడ బ్రిటన్‌లో పూర్తి ప్లాటంటే పాత కొలతలో పది రాడ్లు, దాదాపు 250 చదరపు మీటర్లు. నీకు వచ్చింది అందులో సగం, అంటే మన లెక్కలో మూడు సెంట్లు. తాతయ్య అయితే పెరడనేవారు. కానీ ఉద్యోగం, చంటిపిల్ల ఉన్న ఇంట్లో మూడు సెంట్లంటే చిన్న పని కాదమ్మా. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. అల్లుడుగారు రొటవేటర్ అద్దెకు తెచ్చి ఒక్క వారాంతంలో మొత్తం దున్నేద్దామంటున్నారట. వద్దని చెప్పు. కంచె పక్కన గడ్డిని చుట్టుకుని పాకుతున్న తీగ బైండ్‌వీడ్ అనే మొండి కలుపులా ఉంది. ఒక్కచోట తవ్వి చూడు. నూడుల్స్ లాగా తెల్లటి వేళ్ళు, పట్టుకుంటే పుటుక్కున తెగుతాయి. తెగిన ప్రతి ముక్కా మళ్ళీ మొలుస్తుంది. మన గరిక లాంటి కౌచ్ గ్రాస్ కూడా అంతే. మిషన్ పెడితే ఒక్క తీగను వంద చేసి నాటినట్టే.

ఈ ఏడాదికి మూడో వంతు చాలు. అది కూడా గార్డెన్ ఫోర్కుతో మట్టి వదులు చేసి, వేళ్ళు చేత్తో ఏరు. తడి మట్టి పిడికిట్లో పిసికితే ముద్దయి, బూట్లకు అంటుకుంటుంటే ఆ రోజు మడిలో అడుగు పెట్టకు. బంకమట్టిని తడిమీద తొక్కితే ఇటుకలా గట్టిపడిపోతుంది. మిగతా రెండొంతుల్లో ముళ్ళకంపలు మొదలంటా కోసి, టేపులు పీకేసిన అట్టలు పరిచి, పైన నల్ల ప్లాస్టిక్ షీటు వేసి, అంచులకు బరువులు పెట్టు. పాత కార్పెట్లు మాత్రం వద్దు, చాలాచోట్ల నిషేధం. మొదటి ఏడాది ఎంత భాగం సాగు చెయ్యాలో అగ్రిమెంటులో ఉంటుంది, కప్పి ఉంచింది లెక్కలోకి వస్తుందో లేదో ముందే అడుగు.

గుర్రపు పెంట ఊరికే ఇస్తామంటే వెంటనే మడిలో వెయ్యకు. ఇది బాగా గుర్తుపెట్టుకో. పచ్చిక బయళ్ళలో కొట్టే అమినోపైరలిడ్ అనే కలుపు మందు గుర్రం కడుపులోంచి కూడా చెక్కుచెదరకుండా పెంటలోకి వస్తుంది. ఆ ఎరువు వేస్తే టమాటా, బీన్స్, బంగాళాదుంప ఆకులు ముడుచుకుపోతాయి. కొంచెం పెంట కంపోస్టులో కలిపి, కుండీలో నాలుగు బీన్స్ గింజలు పెట్టు. ఆకులు రెండు మూడు జతలు వచ్చేదాకా చూడు, వంకర లేకుండా వస్తేనే వాడు.

మార్చి చివర్లో బంగాళాదుంప నాటు. మెంతికూర, కొత్తిమీర ఏప్రిల్ నుంచి వేసుకోవచ్చు. గోంగూర, తోటకూర నారు కిటికీ దగ్గర పెంచి, మే నెలాఖరు దాటాకే బయట పెట్టు. లీడ్స్‌లో మే మధ్యలో కూడా మొక్కల్ని మాడ్చే గడ్డకట్టే మంచు పడొచ్చు. మన చిక్కుడు మీద ఆశ పెట్టుకోకు, అది పగలు పొట్టివయ్యాకే పూతకు వస్తుంది. అప్పటికి చలి ముంచుకొస్తుంది. దాని బదులు రన్నర్ బీన్స్ పెట్టు. పాత ప్లాట్లలో గడ్డి కింద రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్క దుబ్బు తరచూ ఉంటుంది. దొరికితే తవ్వెయ్యకు. ఆకు విషం, తుంచి పారెయ్. కాడలు కందిపప్పులో వేస్తే పుల్లగా చుక్కకూర పప్పులా ఉంటుంది, పాపకు కూడా నచ్చుతుంది.

పక్క ప్లాటు పెద్దాయనను పలకరించు. ఆ నేల గురించి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. బెరుకు పడకు తల్లీ. అడిగినవాళ్ళకు కౌన్సిళ్ళు ఈ నేల ఇవ్వాలని 1908లోనే చట్టం చేశారు. అది నీకెవరో దయతలచి ఇచ్చింది కాదు.

ఈస్టర్ సెలవులకు నాన్నా నేనూ వస్తున్నాం. గోంగూర గింజలు మన లెస్టర్ ఇంట్లో దాచినవి తెస్తాను. అప్పటిదాకా అట్టపెట్టెలు ఏవీ పారెయ్యకు, ఆఫీసులో ఉన్నవి కూడా అడిగి తెచ్చుకో.

అమ్మ