బేర్ అనే క్రియ గురించి అమ్మాయికి

చిట్టితల్లీ,

పాత ఇంగ్లీషు పేపరంటే టెన్షన్‌గా ఉందనీ, వెయ్యేళ్ల కిందటి క్రియలు బట్టీ పట్టి ఏం లాభమనీ మొన్న ఫోన్లో అన్నావు కదా. ఆ లిస్టులోంచి ఒక్క క్రియ తీసుకుని చెప్తాను: బేర్ (bear). నీ నోట్సులో దాని పాత రూపం బెరన్ అని ఉంటుంది.

నా సర్వీసంతా టెండరు నోటీసుల మధ్యే గడిచింది. ‘రవాణా ఖర్చులు కాంట్రాక్టరే భరించాలి’ అనే ముక్క ప్రతి నోటీసులోనూ ఉండాల్సిందే. ఇంగ్లీషు కాపీలో అక్కడ ‘షల్ బీ బోర్న్ బై ది కాంట్రాక్టర్’ అని వస్తుంది. ఆ బోర్న్ చివర ఈ (e) అనే అక్షరం ఉండాలి. అది పోయిందంటే ఖర్చులు కాంట్రాక్టరు కడుపున పుట్టినట్టే! నిజానికి రెండూ ఒకటే మాట, బెరన్ నుంచి వచ్చిన బొరెన్. పుట్టుకకు ఈ లేనిది, మోయడానికీ ఓర్చుకోవడానికీ ఈ ఉన్నది అన్న పంపకం 18వ శతాబ్దంలో గానీ కుదురుకోలేదు. అదైనా సరిగ్గా జరగలేదు. ఆమె ఇద్దరు పిల్లల్ని కన్నది అని రాయాలంటే మళ్లీ ఈ ఉన్నదే వాడాలి.

అసలు అర్థం మోయడం. శవాన్ని మోసే పాడెని బియర్ అంటారు (తాగేది కాదులే). మట్టి మోసే తోపుడు బండి వీల్‌బారోలోని బారో, బరువనే అర్థమున్న బర్డెన్, ఇవన్నీ ఆ క్రియకు పుట్టినవే. కడుపున మోయడం నుంచి కనడం వచ్చింది. స్కాట్లాండులో ఇప్పటికీ పిల్లల్ని బేర్న్ అంటారు, స్వీడన్‌లో, నార్వేలో బార్న్. ఎలుగుబంటి బేర్‌కి మాత్రం దీనితో చుట్టరికం లేదు. బరువు మోయడం నుంచే బాధ ఓర్చుకోవడం కూడా వచ్చింది. కానీ ఈ అర్థంలో మాట ఎక్కువగా ‘కాంట్’ పక్కనే కనిపిస్తుంది. మనమూ అంతే కదా, ‘ఈ ఎండ భరించలేను’ అన్నంత సులువుగా ‘భరించగలను’ అనం.

బేర్, బోర్, బోర్న్ వరసలోనే వేర్, వోర్, వోర్న్ చదువుతావు. ఈ వేర్ మొదట్లో ఇలా ఉండేది కాదు. పాత ఇంగ్లీషులో ఇప్పటి ‘ఈడీ’ చేర్చే క్రియల్లా బుద్ధిగా నడిచేది. బేర్, టేర్‌ (చించడం)ల పక్కన తిరిగి తిరిగి వాటి దారే పట్టింది. సావాసదోషం!

ఇక అసలు సంగతి. టెండరులో తెలుగున ‘భరించు’, ఇంగ్లీషున ‘బేర్’ ఒకే చోట కూర్చోవడం కాకతాళీయం కాదు. సంస్కృతంలో భృ ధాతువు, ‘భరతి’ అంటే మోస్తున్నాడు. పాతకాలపు ఇంగ్లీషు బైబిళ్లలో ‘బేరెత్’ అని కనిపిస్తుంది చూడు, ఆ చివరి ‘త్’, భరతిలోని ‘తి’ ఒక్క మూలానివే. సంస్కృతంలో ‘భ’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘బ’ ఉంటుంది: భ్రాత, బ్రదర్, భ్రూ (కనుబొమ), బ్రౌ. లాటిన్‌లో అదే ‘ఫెర్’ అయింది. ట్రాన్స్‌ఫర్‌లో ఉన్నది అదే, అంటే అవతలికి మోయడం. గ్రీకులో ‘ఫెరో’. ఫాస్ఫరస్ గ్రీకు మాట, లూసిఫర్ లాటిన్ మాట. రెండింటికీ వెలుగు మోసేది అని అర్థం, రెండూ వేగుచుక్క పేర్లే. ఒకటి కెమిస్ట్రీ ల్యాబుకి, ఇంకొకటి నరకానికి వెళ్లాయి.

మన వైపు భారం, ఆభరణం, నిరుద్యోగ భృతి, అన్నీ ఈ ధాతువువే. ‘భర్త అంటే భరించేవాడు’ అని పెళ్లిళ్లలో వేసే పాత జోకు వ్యుత్పత్తి ప్రకారం కూడా కరెక్టే. భార్య అంటే భరింపబడేది. మనింట్లో ఎవరు ఎవర్ని భరిస్తున్నారో మీ అమ్మనడుగు.

కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ 1786లో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్నాడు. జర్మనీలో ఫ్రాంజ్ బాప్ అనే భాషా పండితుడు 1816లో ఆ భాషల క్రియారూపాలను పక్కపక్కన పెట్టి చూపించాడు. నాకు భలే ముచ్చటేసేది ఏంటంటే, అదే 1816లో మద్రాసులో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. దాని ముందుమాటకు నోటుగా ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే కంపెనీ అధికారి ఒక వ్యాసం రాసి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళం, కన్నడం దాని తోబుట్టువులనీ రుజువు చేశాడు. అంటే ఆ పెద్ద కుటుంబం మనది కాదు. భరించు మనం సంస్కృతం నుంచి తెచ్చుకుని ‘ఇంచు’ తగిలించుకున్న మాట. మన సొంత మాటలు మోయు, కను, ఓర్చు. ఇంగ్లీషువాడు మూడింటికీ ఒక్క మాట అరగదీస్తుంటే మనకు మూడున్నాయి. నాకైతే మనదే నచ్చుతుంది. మీ మేడమ్ ఒప్పుకుంటారో లేదో అడిగి చెప్పు.

దసరాకి వచ్చేటప్పుడు ఆ పాత ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం తీసుకురా, నేనూ ఓసారి తిరగేస్తాను. అమ్మ సున్నుండలు పంపింది, రేపో ఎల్లుండో అందుతాయి. హాస్టల్లో అందరికీ పంచేసి నీకు లేకుండా చేసుకోకు.

ఆశీస్సులతో,
నాన్న