పక్కకు జరగలేని బండి

ఒరేయ్ శ్రీనూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నాలుగు రోజులుగా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "మీ ట్రాములే లేకపోతే రోడ్డు ఎంత హాయిగా ఉండేదిరా" అన్నావు. రోడ్డు మధ్య పట్టాల మీద నడిచే ఆ ట్రామ్‌కి డ్రైవర్ని కదా, డ్యూటీకి టైమ్ అయిపోతోందని అప్పుడేమీ మాట్లాడలేదు. ఇవాళ సెలవు. తీరిగ్గా కూర్చున్నాను కాబట్టి ఉత్తరం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నీ విసుగులో న్యాయం లేకపోలేదు. ట్రామ్ వెనక ఇరుక్కున్న కారువాళ్ల అవస్థ నాకు రోజూ అద్దంలో కనిపిస్తూనే ఉంటుంది. రెండు వీధులకోసారి ఆగుతాం. తలుపులు తెరుచుకుంటాయి, జనం నడిరోడ్డు మీదకే దిగుతారు. ఆ తలుపులు మూసుకునేదాకా పక్కనుంచి కారు పోకూడదని చాలా ఊళ్లలో చట్టం. దాటుదామంటే చోటుండదు, ఆగితే సిగ్నల్ పోతుంది. ఆఫీసుకు లేటవుతున్నవాడికి టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? కాకపోతే అదే రోడ్డు నా సీట్లోంచి ఎలా కనిపిస్తుందో నీకు చెప్పాలనిపించింది.

నా ముందు స్టీరింగ్ ఉండదురా. మిగతా కష్టాలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. చేతికింద ఒక హ్యాండిల్, వేగానికీ బ్రేకుకీ అదే. కాలి దగ్గర బెల్. బస్సు డ్రైవర్‌కి ఎదురుగా ఏదైనా అడ్డొస్తే కాస్త కట్ కొట్టి పక్కనుంచి పోతాడు. నేను పోలేను. పట్టాలు ఎటు తీసుకెళ్తే అటే.

పోయిన నెల ఏం జరిగిందో చెప్తా విను. పొద్దున రద్దీ టైమ్. ఒక వ్యాను రోడ్డు పక్కన ఆపి ఉంది, కానీ దాని వెనక భాగం పట్టాల వైపు జానెడు పొడుచుకొచ్చింది. జానెడేరా! ట్రామ్ నిండా జనం, నిలబడ్డవాళ్లే సగం. బెల్ కొట్టాను, మళ్లీ కొట్టాను. వ్యాన్లో ఎవరూ లేరు. కంట్రోల్ రూమ్‌కి చెప్పాను. నా వెనక ఇంకో ట్రామ్ వచ్చి ఆగింది, దాని వెనక ఇంకోటి. ఇరవై నిమిషాల తర్వాత ఒకతను ఖాళీ అట్టపెట్టెలు మోసుకుంటూ వచ్చాడు. "రెండు నిమిషాల పనే అనుకున్నాను" అన్నాడు. అబద్ధమేమీ చెప్పలేదు పాపం. పైకి సామాను చేరవేసే పని అది, ఎక్కడో ఒకచోట బండి ఆపాలి కదా. సామాను దించుకోవడానికి ఆ వీధిలో ఒక చోటు గీసి ఇవ్వకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు? కానీ ఆ జానెడు కోసం నాలుగైదు వందల మంది ఆలస్యమయ్యారు.

అది అక్కడితో అయిపోదు. ఒక ట్రామ్ ఐదు నిమిషాలు లేటయితే తర్వాతి స్టాపులో మామూలు కంటే ఎక్కువ మంది పోగై ఉంటారు. వాళ్లంతా ఎక్కడానికి ఇంకాస్త టైమ్. ఆ తర్వాతి స్టాపులో ఇంకా ఎక్కువ మంది. వెనక వచ్చే ట్రామ్‌కి ఎక్కేవాళ్లు తగ్గిపోయి అది త్వరత్వరగా వచ్చి ముందుదాన్ని అంటుకుంటుంది. అరగంట ఎదురుచూస్తే మూడు ట్రాములు ఒకదాని వెనక ఒకటి వస్తాయని జనం తిడుతుంటారు చూడు, దాని కథ ఇదే. నాకు ఆ మాటలు వినపడుతుంటాయి, సమాధానం చెప్పే వీలుండదు.

అసలు భయపెట్టేది ఆగి ఉన్న బండి కాదు, తిరిగే బండి. నాతో పాటు పక్కనే వస్తున్న కారు ఉన్నట్టుండి నా ముందునుంచి అడ్డంగా పక్క వీధిలోకి తిరుగుతుంది. అతను ఎదురుగా వచ్చే కార్లనే చూస్తాడు, సందు దొరకగానే తిప్పేస్తాడు. వెనకనుంచి ట్రామ్ వస్తుందన్న ఊహే ఉండదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లుతుంది కదా, రాపిడి తక్కువ. అందుకే నలభై టన్నులకు పైబడ్డ బరువును అంత తేలిగ్గా లాగగలుగుతున్నాం. కానీ ఆ జారుడుతనమే ఆగేటప్పుడు ఎదురు తిరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల మీద ఉంటే మామూలు బ్రేకుతో ఆగడానికి దాదాపు 80 మీటర్లు కావాలి. ఎమర్జెన్సీ బ్రేకు వేస్తే చక్రాల ముందు ఇసుక రాలుతుంది, పట్టాల మీదకి అయస్కాంతాలు దిగి అతుక్కుంటాయి, దూరం సగానికి సగం తగ్గుతుంది. అయితే ట్రామ్‌లో సీటు బెల్టులు ఉండవు. కారులో ఉన్నవాడిని కాపాడబోతే లోపల కడ్డీ పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ పడిపోతుంది. ఆ క్షణంలో ఎవరిని చూడాలి? చినుకులు మొదలై, పట్టాల మీది దుమ్ము తడిసి జిగురైన రోజైతే ఇంటికి వచ్చాక కూడా భుజాలు పట్టేసి ఉంటాయి.

ట్రామ్ ఇంత బరువని, చటుక్కున ఆగలేదని జనానికి చెప్పడానికి మెల్‌బోర్న్‌లో స్కేట్‌బోర్డు ఎక్కిన ఖడ్గమృగం బొమ్మతో ప్రచారం చేశారు. ఒక్కసారి చూస్తే మర్చిపోం. ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రామ్ వ్యవస్థ వాళ్లదే, 250 కిలోమీటర్ల దాకా ఉంది. అందులో ముప్పాతిక వంతు కార్లతో పంచుకున్న రోడ్డే, అందుకే సగటు వేగం గంటకు 16 కిలోమీటర్లకు మించదు. అక్కడ ఊరి మధ్యలో ఇంకో చిత్రమైన పద్ధతి ఉంది, హుక్ టర్న్ అంటారు. మనలాగే వాళ్లదీ ఎడమవైపు డ్రైవింగ్. కుడివైపు తిరగాల్సిన కారు నడిమధ్యలో పట్టాల మీద కాచుకోకుండా, చౌరస్తాలో ఎడమ అంచుకు వెళ్లి ఆగుతుంది. అడ్డరోడ్డుకు పచ్చలైటు పడ్డాక అక్కడినుంచి కుడికి తిరిగి పోతుంది. కొత్తవాళ్లకు గుండె దడదడలాడుతుంది గానీ, ట్రామ్ దారి మాత్రం ఖాళీగా ఉంటుంది.

నువ్వన్న "రోడ్డు హాయిగా ఉండేది" అన్న మాట దగ్గరికి వస్తాను. ఆ మాట నమ్మి పట్టాలు పీకేసిన ఊళ్లు బోలెడు. పారిస్‌లో 1938లో, లండన్‌లో 1952లో, మద్రాసులో 1953లో, బొంబాయిలో 1964లో పాత ట్రాములు ఆగిపోయాయి. ఈ ఊళ్లలో ఏ ఒక్కదానికైనా ట్రాఫిక్ బాధ తీరిందా చెప్పు. పారిస్ 1992లో కొత్త లైనుతో మళ్లీ మొదలుపెట్టింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది కలకత్తా. 1873లో గుర్రాలతో మొదలై, 1902 నుంచి కరెంటుతో నడిచాయి. ఒకప్పుడు చాలా రోడ్ల మధ్యలో ట్రాములకు విడిగా చోటుండేది. ఆ చోటు తీసేసి రోడ్డులో కలిపి కార్లను వదిలారు. దాంతో రెండు నష్టాలు. ట్రామ్ కార్ల వరసలో చిక్కుకుంది, ఎక్కాల్సినవాళ్లు వాహనాల మధ్య పరుగెత్తాల్సి వచ్చింది. జనం తగ్గారు, మార్గాలు ఒక్కొక్కటిగా మూశారు. చివరికి 2024లో ఎస్‌ప్లనేడ్ నుంచి మైదాన్ దాకా ఒక్క ముక్క గుర్తుగా ఉంచి మిగతావి ఆపేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. నెమ్మదిగా పోతున్నాయి కాబట్టి పనికిరావన్నారు. నెమ్మదించింది దేనివల్లో ఎవరూ అడగలేదురా, నాకు అదే కడుపు మండుతుంది.

ఇంకో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. జూరిక్‌లో భూగర్భ రైలు కట్టాలా అని 1973లో ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు. 1977లో మళ్లీ ఓటు వేసి, పైనున్న ట్రాములకూ బస్సులకూ ముందు దారి ఇవ్వడానికి డబ్బు మంజూరు చేశారు. ట్రామ్ వస్తున్న సంగతి సిగ్నల్‌కి ముందే తెలుస్తుంది, వచ్చేసరికి లైటు మారి ఉంటుంది. అలాంటి చౌరస్తాలో ఒక్కరోజు బండి నడపాలని నాకు ఎన్నాళ్లనుంచో కోరిక.

అంత డబ్బు లేకపోయినా చేయొచ్చని టొరంటో చూపించింది. కింగ్ స్ట్రీట్‌లో ట్రామ్ ఎక్కేవాళ్లు రోజుకు 65,000 మంది, కార్లు 20,000. రోడ్డంతా కార్లదే అన్నట్టుండేది. 2017 నవంబరులో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కార్లు ఆ వీధిలోకి రావచ్చు, కానీ తిన్నగా చివరిదాకా పోకుండా కూడలి దగ్గర పక్కకు తిరిగిపోవాలి. రంగులు, బోర్డులు, అడ్డంగా పెట్టిన కొన్ని దిమ్మెలు, అంతే. అక్కడి వ్యాపారులు కొందరు గట్టిగా ఎదిరించారు, వాళ్ల భయం వాళ్లది. ట్రామ్ ఎక్కేవాళ్లు మాత్రం 80,000 దాటారు. 2019లో దాన్ని శాశ్వతం చేశారు.

సైకిళ్ల సంగతి మర్చిపోయేవాడిని. మీవాడు సైకిల్ తొక్కుతున్నాడని చెల్లెమ్మ చెప్పింది. పట్టాల పక్కనుండే గాడి సరిగ్గా సైకిల్ టైరు దిగబడేంత వెడల్పు ఉంటుంది. పట్టాలకు సమానంగా పోతూ వాటిని ఏటవాలుగా దాటబోతే చక్రం అందులో పడి మనిషి ఎగిరి పడతాడు. వేగం తగ్గించి, వీలైనంత అడ్డంగా దాటమని చెప్పు. వానలో అయితే దిగి నడిపించుకు పొమ్మను. ఇది మాత్రం తప్పకుండా చెప్పు.

పట్టాలున్న రోడ్డు మీద తిరగాల్సి వస్తే నువ్వు కూడా ఎదురుగా చూసినంత శ్రద్ధగా వెనక అద్దం చూడు. నేను బెల్ కొట్టేది నీ మీద చిరాకుతో కాదురా, నా దగ్గర ఉన్న మాట అదొక్కటే.

దసరా సెలవులకు వస్తానన్నావు కదా, వచ్చేటప్పుడు కారు తేకు. పొద్దున ఆరింటి ట్రిప్పు నాదే. నా వెనక మొదటి సీటు అద్దంలోంచి రోడ్డంతా కనిపిస్తుంది. చివరి స్టాపు దాకా కూర్చో, తర్వాత నీ మాట నువ్వు చెప్పు.

అమ్మగారికి నమస్కారాలు.

నీ
ప్రసాద్