కర్మ పేరుతో కుష్ఠును దాచొద్దు
కుష్ఠు వ్యాధిని ఇప్పటికీ పూర్వజన్మ పాపంగా చూడటం వల్ల మచ్చలు దాచుకుని, చికిత్సకు ఆలస్యంగా వచ్చేవారు ఉన్నారు. మా ఊళ్లో ఒకాయన ముంజేతి మీద స్పర్శ లేని మచ్చతో గుళ్లూ గోపురాలూ తిరిగాడు. చిటికెన వేలు వంకర పోయాకే ఆస్పత్రికి వెళ్లాడు. ఇది బ్యాక్టీరియాతో వచ్చే జబ్బు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే ఎండీటీ (పలు ఔషధాలు కలిపి ఇచ్చే చికిత్స) మందులు వ్యాధి రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. పాపమే వ్యాధిగా పీడిస్తుందని ప్రవచనాల్లో చదివే శ్లోకం కూడా దాని శాంతికి జపహోమాల కంటే ముందు ఔషధాన్నే చెబుతుంది. ఆ రెండో సగం మాత్రం మైకులో వినపడదు! జనవరి 30న మొదలయ్యే కుష్ఠు అవగాహన కార్యక్రమం స్పర్శ్ ప్రచారంలో ఆశా కార్యకర్తలతో పాటు అర్చకులనూ కలుపుకుని, మచ్చలుంటే వెంటనే చూపించుకోమని గుడి మైకులోనే చెప్పించాలి.