పిల్లల మాట పిల్లలనే అడగాలి

సంపాదకులకు నమస్కారం.

విడాకుల మీద గత ఆదివారం మీరు వేసిన వ్యాసంలో న్యాయవాది, మానసిక నిపుణురాలు, ఒక తల్లి మాట్లాడారు. అమ్మానాన్నలు విడిపోయిన పిల్లలు ఒక్కరూ లేరు. అలాంటి ఇంట్లో పెరిగి, ఇప్పుడు తెనాలిలో సోషల్ టీచరుగా ఉన్నదాన్ని కాబట్టి, విడాకులు పిల్లల్ని ఏం చేస్తాయో పరిశోధించేవాళ్లు ఆ పిల్లలనే అడగాలని చెప్పడానికి ఈ ఉత్తరం.

బిడ్డ ఎలా ఉందని తల్లిని అడిగితే బాగానే ఉందంటుంది. నేనూ అమ్మ ముందు బాగానే ఉండేదాన్ని. నాన్న దగ్గర్నుంచి వచ్చాక అక్కడ ఏం తిన్నానో చెప్పేదాన్ని కాదు. నానమ్మ కుట్టించిన పరికిణీ గుంటూరులోనే వదిలేసి వచ్చేదాన్ని. దసరా సెలవులు ఎక్కడన్న మాట వస్తే చాలు, కడుపునొప్పి మొదలయ్యేది. మార్కులు తగ్గాయా అని చూసే పరిశోధనకు ఇవేవీ అందవు. నాకు మార్కులు తగ్గలేదు మరి.

అమెరికాలో మనస్తత్వవేత్త జుడిత్ వాలర్‌స్టీన్ 1971లో కాలిఫోర్నియాలో తల్లిదండ్రులు విడిపోయిన 60 కుటుంబాల్లోని 131 మంది పిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టారు. కలిగినవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాన్నే ఎంచుకున్నారని, కలిసున్న కుటుంబాలతో మొదట్లో పోల్చి చూడలేదని ఆమెను తప్పుపట్టారు. అది సరైన విమర్శే. అయినా పాతికేళ్ల తర్వాత కూడా వెళ్లి ఆ పిల్లలనే అడిగారు చూడండి, మనకు కావలసింది ఆ ఓపిక. తొమ్మిదేళ్లప్పుడు నేను చెప్పలేనివి నాకు పెళ్లయ్యాక గానీ నోటికి రాలేదు.

మన దగ్గర పిల్లలను అడిగేది ఒకటే: ‘‘అమ్మ దగ్గరుంటావా, నాన్న దగ్గరుంటావా?’’ తెలిసే వయసున్న బిడ్డ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చని 1890 నాటి సంరక్షకుల చట్టంలోనే ఉంది. కోర్టుకు అది అవసరం కావచ్చు. పరిశోధకులు మాత్రం ఆ ప్రశ్న జోలికి పోవద్దు. మేనమామలు అన్నం దగ్గర అడిగినా నాకు ముద్ద దిగేది కాదు.

ఇంకో సంగతి. ఫ్యామిలీ కోర్టు వరండాల్లోనే వెతికితే నాలాంటివాళ్లు దొరకరు. మావాళ్లు పెద్దమనుషుల్లో తేల్చుకున్నారు, విడాకుల కాగితమే లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద విడాకులు తీసుకున్నవారు సుమారు 13.6 లక్షలైతే, విడాకులు లేకుండా విడిగా ఉంటున్నవారు దాదాపు 35 లక్షలు. వాళ్ల పిల్లలు అమ్మమ్మ ఇళ్లల్లో, హాస్టళ్లలో ఉన్నారు. తండ్రి సంతకం కావాలని కాగితం ఇస్తే మర్నాడు బడి మానేసే పిల్ల నా తరగతిలోనే ఉంది.

మన విశ్వవిద్యాలయాల మనస్తత్వశాస్త్ర, సోషల్ వర్క్ విభాగాలు ఈ పని తలపెట్టాలి. బిడ్డతో విడిగా మాట్లాడాలి, వద్దన్న చోట ఆపేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, చెప్పిన మాట అమ్మకూ నాన్నకూ చేరదని ముందే మాటివ్వాలి, దాని మీద నిలబడాలి. కేసు నడుస్తున్న ఇంట్లో ఆ మాట ఒక్కటి వకీలు చేతికి చిక్కిందంటే, ఆ బిడ్డ మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పదు.

– ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి