దవడ ఎముక కట్టే కేసుల్లో ఇకపై మా పద్ధతి

మా డెంటల్ క్లినిక్‌కి వచ్చేవాళ్ళందరికీ నమస్కారం. "బయట మూడు రోజుల్లో పళ్ళు పెడతామంటున్నారు, మీరేమో ఎనిమిది నెలలు అంటారేంటండీ?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

పన్ను పీకేశాక దాన్ని మోసిన దవడ ఎముక తరగడం మొదలవుతుంది. మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా తరిగి, ఏడాది తిరిగేసరికి అక్కడి వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు. కొత్త పన్నుకు వేరులా ఎముకలోకి బిగించే 4 మిల్లీమీటర్ల మందం టైటానియం స్క్రూ (దీన్నే ఇంప్లాంట్ అంటాం) దిగాలంటే సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి. పై దవడ వెనకవైపు ఇంకో చిక్కు ఉంది. అక్కడ పైనే సైనస్ గాలి గది. పళ్ళు పోయాక అది కిందికి పెరుగుతుంది. ఆ గది లోపలి పొర చిరగకుండా మెల్లగా పైకెత్తి, కింద ఎముక పొడి నింపాలి.

నింపినంత మాత్రాన అది ఎముక అయిపోదు. పందిరి వేశాక తీగ పాకాలి కదా, అలాగే మీ రక్తనాళాలు, కణాలు ఆ పొడిలోకి పాకి కొత్త ఎముకను కట్టాలి. దానికి 4 నుంచి 6 నెలలు, పెద్ద సైనస్ కేసుల్లో 9 నెలల దాకా పడుతుంది. ఇంప్లాంట్ అతుక్కోవడానికి ఆపైన ఇంకో మూడు నెలలు.

త్వరగా పెట్టే పద్ధతులు అబద్ధం కాదు. దవడంతా అరిగిపోయినవాళ్ళకు చెంప ఎముకలోకి బిగించే పొడవాటి ఇంప్లాంట్లు ఉన్నాయి. అలాంటివాళ్ళను ఆ పని బాగా తెలిసిన సర్జన్ దగ్గరికి నేనే పంపిస్తాను. ఒకటి రెండు పళ్ళ కోసం మాత్రం ఆ దారి పట్టను.

ఈ నెల నుంచి ఒకటి మారుస్తున్నాం. ఎముక పొడి ఎక్కడి నుంచి వచ్చిందో సర్జరీకి ఒప్పుకుంటూ మీరు పెట్టే సంతకానికి ముందే తెలుగులో చెబుతాం. ఎక్కువగా వాడేది ఆవు జాతి పశువుల ఎముక నుంచి శుద్ధి చేసింది. ఆ పొడి మీద కప్పే పొర చాలాసార్లు పంది కొల్లాజెన్‌తో చేసింది. ఇది తెలుసుకునే హక్కు మీకుంది. వద్దంటే కృత్రిమ పొడి వాడొచ్చు, లేదా మీ దవడ వెనక నుంచే ఎముక తీయొచ్చు. మీ ఎముకైతే బాగా కలిసిపోతుంది, కానీ రెండో చోట గాయం తప్పదు. పశువుల పొడి మెల్లగా కరుగుతుంది కాబట్టి పరిమాణం నిలుస్తుంది. ఏది వాడినా డబ్బా మీది స్టిక్కర్ కాపీ మీకిస్తాం. పొడి, పొర, స్కాన్ ఖర్చులు విడివిడిగా ముందే రాసిస్తాం.

షుగర్ అదుపులో లేకపోతే సర్జరీ వాయిదా వేస్తాను, ఎంత అడిగినా సరే. సిగరెట్ మానకపోయినా అంతే.

ఇంకా పన్ను పీకించుకోనివాళ్ళు ఇంప్లాంట్ ఆలోచన ఉంటే ముందే చెప్పండి. ఆ రోజే గుంతలో పొడి నింపితే ఎముక తరుగుదల చాలావరకు తగ్గుతుంది. తర్వాత పెద్ద సర్జరీ తప్పొచ్చు. వచ్చేటప్పుడు మందుల చీటీలు తెచ్చుకోండి. ఎముకల బలానికి ఇంజెక్షన్లు వేయించుకునేవాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి, దాన్నిబట్టే ప్లాన్ మారుతుంది.