ఆవకాయతో పాటు పంపిన ఉత్తరం

మలక్‌పేట,
ఆదివారం

చిన్నీ,

ఆవకాయ సీసాకి మూడు కవర్లు చుట్టాను. అయినా నూనె కారుతుందేమో, ముందు ఈ ఉత్తరం తీసి పక్కన పెట్టుకో. కందిపొడి అమ్మ నిన్ననే కొట్టింది, తడి చెంచా పెట్టకు.

పై వాటా వాళ్ళు ఖాళీ చేశారు. మోటారు మళ్ళీ మొరాయిస్తోంది. మొన్న రాజి పిన్ని మెట్రో దిగి నేరుగా ఇంటికే వచ్చింది. కాఫీ తాగుతూ, "చిన్ని లాప్‌టాప్ ఆఫీసువాళ్ళు తీసేసుకున్నారటగా, ఏదో నొక్కకూడనిది నొక్కిందట" అంది. శ్రీను చెప్పాడట. వాడి మాటల సంగతి మనకు తెలిసిందే, నేను పట్టించుకోలేదు. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది, అంతే.

నిన్న ఇంట్లో ఎక్సెల్ తెరుచుకోకపోతే రిపేర్ నొక్కాను. తెర మసకబారి, మార్పులు చెయ్యనివ్వమంటారా అని ఒక బాక్స్ వచ్చింది. పేరు చూస్తే 'మైక్రోసాఫ్ట్ ఆఫీస్ క్లిక్ టు రన్'. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. కింద పబ్లిషర్ మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్ అనీ, వెరిఫైడ్ అనీ ఉంది. వివరాలు తెరిస్తే ఆ ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా చూపించింది. రిపేర్ అడిగింది నేనే కాబట్టి యెస్ అన్నాను. నేనేమీ అడక్కుండా వచ్చుంటేనో, పబ్లిషర్ దగ్గర 'అన్‌నోన్' అని పసుపు రంగులో కనిపించుంటేనో నో అనేవాణ్ణి. నో అంటే పోయేదేమీ లేదు చిన్నీ, కావాలంటే మళ్ళీ చేసుకోవచ్చు. యెస్‌ని వెనక్కి తీసుకోవడమే కష్టం.

నీకో సంగతి ఎప్పుడూ చెప్పలేదు. 1999 మార్చి ఆఖరు. నీకు ఎనిమిది నెలలు, పళ్ళొస్తూ జ్వరం. రాత్రంతా భుజాన వేసుకుని తిప్పి, పొద్దున్నే ఆఫీసుకెళ్ళాను. సంవత్సరాంతపు లెక్కలు, ఊపిరాడని పని. మా పై అధికారి నుంచి మెయిల్ వచ్చింది. ముఖ్యమైన సందేశం అని, పక్కన ఆయన పేరు. నువ్వడిగిన డాక్యుమెంట్ ఇదే, ఎవరికీ చూపించకు అని రాసుంది. నేనేమీ అడగలేదు. ఆయన పేరు చూసి తెరిచాను. ఇందులో మాక్రోలున్నాయి, నడపమంటావా అని వర్డ్ అడిగింది. మాక్రో అంటే డాక్యుమెంట్ లోపలే ఉండి పనులు చేసే చిన్న ప్రోగ్రామ్ అని అప్పుడు తెలీదు, పని ఆగకూడదని ఎనేబుల్ నొక్కేశాను. లోపల ఏవో పిచ్చి వెబ్‌సైట్ల పేర్లు. మూసేశాను. అప్పటికే నా పేరు మీద అదే మెయిల్, అడ్రస్ బుక్‌లోని మొదటి యాభై మందికి వెళ్ళిపోయింది. అది వైరస్ అనీ, దాని పేరు మెలిస్సా అనీ తర్వాత తెలిసింది.

రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం సహించలేదు. ముప్పై ఒకటో తారీఖున మా సెక్షన్ మెయిల్ మొత్తం స్తంభించింది. సిస్టమ్స్ కుర్రాడు నా పక్కన కూర్చుని, "సార్, నొక్కగానే చెప్పుంటే ఆ యాభై మందికీ తెరవొద్దని ఫోన్ చేసేవాళ్ళం కదా" అన్నాడు. నొక్కినందుకు అతను ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడు మీకు కాస్త నయం. బయటి నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ఆఫీసే ఆపేస్తోంది, ఎర్ర పట్టీ చూపిస్తుంది. ఎనేబుల్ కంటెంట్ బటన్‌తో పసుపు పట్టీ వచ్చినప్పుడు మాత్రం తొందరపడకు. చదవాలంటే ఎనేబుల్ కంటెంట్ నొక్కండి అని డాక్యుమెంట్ లోపలే రాసుంటే, అది కచ్చితంగా ఉచ్చే. మూసెయ్. తెలియని బాక్స్ వస్తే ఫోన్‌తో ఫోటో తీసి మీ ఐటీ వాళ్ళకి పంపు. ఒకవేళ నొక్కేసి ఉంటే వెంటనే నెట్ తీసేసి వాళ్ళకి చెప్పు. వాళ్ళ కన్నా ముందు నాకు చెప్పినా ఫరవాలేదు.

పాఠంలా అయిపోయింది. రాత్రిళ్ళు ఒంటిగంట దాకా పని చేస్తున్నావని అమ్మ అంటోంది. నిద్ర కళ్ళతో ఏ బాక్సూ సరిగ్గా కనపడదు. పెరుగన్నమైనా తిని పడుకో.

లాప్‌టాప్ నిజంగానే తీసుకున్నారా? తీసుకుంటే తీసుకోనీ. నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చెయ్, నీ గదిలో ఫ్యాన్ మార్పించాను. సీసా అందగానే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా ఎత్తుతాను.

నాన్న